చుక్క నిలిచిన ప్రతి

పాత పుస్తకపు పుటను కెమెరాతో చిత్రించి, ఆ చిత్రమును చదువుకొనుటకు వీలైన చిన్న నలుపుతెలుపు ప్రతిగా మార్చుట పైకి చూడగా అల్పమైన పనివలె తోచును. మీట నొక్కవలెను, కంప్యూటరునకు ఆజ్ఞ నీయవలెను, ఫైలు కుదియవలెను. అంతటితో పని ముగిసినదని పలువురు భావింతురు. కాని నేటి సాధారణ కెమెరా ఒక్కొక్క చిత్రమున 6000 అడ్డు, 4000 నిలువు చొప్పున 2 కోట్ల 40 లక్షల పిక్సెళ్లను గ్రహించి, ఒక్కొక్క పిక్సెలునకు 14 బిట్లు కేటాయించునప్పుడు, కుదింపునకు పూర్వము ఆ రాశి 42 మెగాబైట్లగును. అదే పుట నలుపుతెలుపుగా మారి తగిన పద్ధతిలో కుదిసిన పిదప తరచుగా నూరు కిలోబైట్ల చుట్టుపట్ల నిలుచును. అనగా నూటికి తొంబదితొమ్మిది పాళ్లకు మించిన సమాచారమును మనము తెలిసియో తెలియకయో విసర్జించుచున్నాము. అందు ఏది విసర్జింపదగినది, ఏది విసర్జింపరానిది అను ప్రశ్నయే ఈ వ్యాసమునకు విషయము.

ఈ ప్రశ్నను ఒమాను దేశమున కూర్చుండి విచారించుటకు కారణము లేకపోలేదు. నిజ్వా, రుస్తాక్ మొదలైన ప్రాచీన విద్యాస్థానములు గల ఆ దేశమున వ్రాతప్రతుల సంప్రదాయము తరతరములుగా వర్ధిల్లినది. ఒమాను రాజవంశీయుడై జాంజిబారు నేలిన సుల్తాను బర్గష్ 1880 ప్రాంతమున అచ్చట ముద్రణాలయమును నెలకొల్పి, తొంబది సంపుటముల ధర్మశాస్త్ర విజ్ఞానకోశమగు ‘ఖామూస్ అల్ షరీఆ’లో కొన్ని సంపుటములను అచ్చు వేయించెను. సూర్ రేవునకు చెందిన నావికుడు నాసిర్ బిన్ అలీ అల్ ఖదూరీ రచించిన సముద్రశాస్త్ర గ్రంథపు వ్రాతప్రతి 2017లో యునెస్కో వారి ప్రపంచస్మృతి పట్టిక కెక్కినది. ప్రభుత్వ పత్రములను, పురాలేఖలను సంరక్షించుటకై 2007లో రాజశాసనముచే ఒక జాతీయ సంస్థయే ఏర్పడినది. మరియొక వంక, బ్రతుకుతెరువు వెదకికొనుచు మస్కట్టు, సోహార్, సలాలా పట్టణములకు వచ్చిన తెలుగువారి పెట్టెలలో పాస్‌పోర్టు, ఒప్పందపత్రము, జీతపు చీటీలతోబాటు పెద్దలిచ్చిన ఒక శతకమో, ఒక భాగవతమో, అంచులు చిట్లిన ఒక పంచాంగమో ఉండుట కద్దు. రాజ్యము కాపాడు వ్రాతప్రతికి, కూలివాడు దాచుకొను చీటీకి హోదాలో భేదమున్నను, కెమెరా ముందు నిలిచినప్పుడు ఆ రెంటికిని ఎదురగు గండము ఒక్కటియే.

అరబీ లిపి కుడినుండి యెడమకు అక్షరములను పెనవేసికొని పోవును. తెలుగు లిపి యెడమనుండి కుడికి గుండ్రని యక్షరములను విడివిడిగా పేర్చుకొని పోవును. రూపమున రెంటికిని పోలిక లేదు. అయినను రెండు లిపులును తమ యర్థభారమును అతిసూక్ష్మమైన చుక్కపై మోపినవి. అరబీలో ఒకే గిన్నె వంటి రూపమునకు క్రింద ఒక చుక్క పెట్టిన ‘బ’యగును, పైన రెండు పెట్టిన ‘త’యగును, మూడు పెట్టిన మరియొక యక్షరమగును. తెలుగున ‘ర’ కడుపులో చుక్క పడిన ‘ఠ’యగును, ‘థ’ కడుపులోని చుక్క రాలిన ‘ధ’యగును, ‘ధ’ క్రింది చిన్న గీత రాలిన ‘ద’యగును. ‘ధార’ నీటి ప్రవాహము, ‘దార’ భార్య. ఇక పాత అచ్చుపుస్తకములలోని అరసున్న సంగతి చెప్పనక్కరలేదు: ‘ఏఁడు’ సంవత్సరము, ‘ఏడు’ సంఖ్య, ‘అరుఁగు’ పోవుట, ‘అరుగు’ ఇంటి ముందరి తిన్నె. నలుపుతెలుపు మార్పిడి యంత్రమునకు చుక్కయు, ధూళికణమును ఒక్కటియే. ఈ సంగతిని మనసున నుంచుకొని, కెమెరానుండి పుటవరకు గల దారిని మెట్టుమెట్టుగా పరిశీలింతము.

మొదటి మెట్టు రా ఫైలు. కెమెరాలోని గ్రాహకము స్వతహాగా రంగుల నెరుగదు. వెలుగు పరిమాణమును మాత్రమే ఎరుగును. కొడాక్ సంస్థలోని బ్రైస్ బేయర్ 1976లో హక్కు పొందిన పద్ధతి ననుసరించి, ఒక్కొక్క పిక్సెలు ముందు ఒక్కొక్క రంగుటద్దమును నిలిపి, సగము పిక్సెళ్లకు ఆకుపచ్చ, పావువంతునకు ఎరుపు, పావువంతునకు నీలము కేటాయించినందున కెమెరాకు వర్ణజ్ఞానము కలిగినది. రా ఫైలనగా ఈ కొలతలు వండక ముందరి పచ్చిసరకు. పిక్సెలునకు 14 బిట్లున్నచో వెలుగున 16,384 మెట్లు లెక్కించవచ్చును. జేపెగ్ ఫైలులో మెట్లు 256 మాత్రమే. అంతేకాక జేపెగ్ పద్ధతి చిత్రమును ఎనిమిదెనిమిది పిక్సెళ్ల గడులుగా విభజించి కుదించునప్పుడు అక్షరపు అంచుల చుట్టును పలుచని యలలవంటి మరకలు పుట్టును. కంటికి అవి పెద్దగా ఆనవు. కాని తరువాత నలుపుతెలుపుగా విభజించునప్పుడు ఆ మరకలలో కొన్ని నల్లని నలుసులై లేచి, నలుసులను తొలగింపబోయినవాడు చుక్కలను గూడ తొలగించుటకు హేతువగును. కావున నలుపుతెలుపు పుటకు రా ఫైలు దేనికి, ఫోను తీసిన జేపెగ్ చాలదా యని యడుగువారికి ఇది తొలి సమాధానము.

రెండవ సమాధానము ఇంకను బలమైనది. రా ఫైలులోని యంకెలు వెలుగునకు అనుపాతముగా నుండును. రెట్టింపు వెలుగు పడినచో అంకెయు రెట్టింపగును. కావున పుస్తకమును తీసిన దీపముల క్రిందనే, అదే స్థానమున ఒక తెల్లకాగితమును గూడ ఒకమారు చిత్రించి, పుటయొక్క యంకెలను ఆ తెల్లకాగితపు అంకెలచే భాగించినచో, దీపపు అసమత, కటకము అంచులలో కలుగు మసక, రెండును ఒక్కపెట్టున తొలగి, మిగిలినది కాగితమును సిరాయును మాత్రమే. జేపెగ్‌లో కెమెరా తన యిచ్చ వచ్చినట్లు వెలుగులను వంచియుండుటచే ఈ భాగహారము సరిగా పొసగదు. ఒక్క తెల్లకాగితముతో సిద్ధించు ఈ యుపాయమును పాటించువారు స్వల్పసంఖ్యాకులే యగుట విచారకరము.

కెమెరా కంపెనీలు తమ తమ రా ఫైళ్లకు తమ తమ రూపముల నిచ్చి, వాటి మర్మమును గుప్తముగా నుంచుకొనిన కాలమున, డేవ్ కాఫిన్ అను అమెరికను 1997లో ఆరంభించిన డీసీరా యను ఉచిత కార్యక్రమము వాటి నన్నిటిని ఒక్కచోట విప్పి చూపినది. అడోబీ సంస్థ 2004లో డీఎన్‌జీ యను బహిరంగ రూపమును ప్రతిపాదించినది. డీసీరాలో మన విషయమునకు ప్రత్యక్షముగా సంబంధించిన ఒక సదుపాయము కలదు: దానికి దస్తావేజు పద్ధతి యని పేరు. సాధారణముగా రంగుచిత్రమును తయారుచేయుటకు ప్రతి పిక్సెలునకు లేని రెండు రంగులను ఇరుగుపొరుగు పిక్సెళ్లనుండి ఊహించి పూరింపవలసియుండగా, నల్లని యక్షరములు గల తెల్లని కాగితమునకు ఆ యూహతో పనిలేదని గ్రహించి, ఈ పద్ధతి పూరణమును మానివేసి, పిక్సెళ్లను ఉన్నవున్నట్లుగా బూడిదరంగు చిత్రముగా వెలువరించును. ఊహ తగ్గినకొలది అక్షరపు అంచు పదునుగా నిలుచును. కాని కాగితము తెల్లగాను, సిరా నల్లగాను ఉన్నప్పుడే ఇది శోభించును. గోధుమరంగు తిరిగిన పుటపై ఎరుపు, ఆకుపచ్చ, నీలపు పిక్సెళ్లు వేర్వేరు వెలుగులను చూపి గళ్లగళ్ల నేతవలె కనబడును.

ఇట వర్ణవివేకము అవసరమగును. రంగుచిత్రమును బూడిదరంగునకు దించు సామాన్యసూత్రము ఎరుపునుండి సుమారు 30 పాళ్లు, ఆకుపచ్చనుండి 59, నీలమునుండి 11 గ్రహించును. అది మానవనేత్రపు స్వభావము ననుసరించినది కాని, పాతకాగితపు స్వభావము ననుసరించినది కాదు. వయసు మీరిన కాగితము పసుపునకు, గోధుమవన్నెకు తిరుగును. నీటిమరకలును ఆ వన్నెవే. నీలపు వెలుగులో ఆ మరకలు నల్లబడును. ఎరుపు వెలుగులో పాలిపోయి మాయమగును. కావున నల్లసిరా అచ్చుపుస్తకమునకు ఎరుపుపాలును మాత్రమే గ్రహించుట వలన సగము శుద్ధి చేయకయే జరుగును. అరబీ వ్రాతప్రతులలోనో, అధ్యాయనామములను, ముఖ్యపదములను ఎర్రసిరాతో వ్రాయుట ఆచారము. ఎరుపుపాలున ఎర్రసిరా కాగితముతో కలిసిపోయి కనబడకుండ పోవును. మరకను పోగొట్టిన మందే అధ్యాయపు పేరును పోగొట్టును. అట్టిచోట ఆకుపచ్చపాలును ఆశ్రయించి, మరకలతో వేరుగా పోరాడవలసియుండును. ఒకే రంగులో కాచి వడపోసినచో చాలునను సూత్రము అన్ని గ్రంథములకును చెల్లదు.

ఇక అసలు విభజన. బూడిదరంగు పుటలో ఏ విలువకు దిగువనున్నది నలుపు, ఏ విలువకు ఎగువనున్నది తెలుపు అని గీచు హద్దునందే ఈ శాస్త్రమంతయు ఇమిడియున్నది. జపానునకు చెందిన నొబుయుకి ఓట్సు 1979లో ప్రకటించిన పద్ధతి, పుటలోని పిక్సెళ్లను రెండు గుంపులుగా విడదీయునప్పుడు గుంపుల నడిమి యంతరము గరిష్ఠముగా నుండు హద్దును గణితముచే కనుగొనును. పొట్టును గింజను విడదీయు చేటవలె అది సులభము, నిష్పాక్షికము. కాని పుటయంతటికిని హద్దొక్కటియే. పుస్తకపు నడిమి మడత యొద్ద నీడ పడినచో ఆ నీడ యంతయు నలుపై, అందలి యక్షరములు మునిగిపోవును. ఆ లోపమును సవరించుటకై నిబ్లాక్ 1986లో ప్రతి పిక్సెలునకు దాని పరిసరముల సగటును, చెదరుదలను బట్టి హద్దును నిర్ణయించు పద్ధతిని వివరించెను. నీడ బెడద తీరినది గాని, అక్షరములు లేని ఖాళీతావులలో కాగితపు గరుకుదనమే నలుసులై లేచినది. ఫిన్లాండునందలి ఊలూ విశ్వవిద్యాలయపు సౌవోలా, పియటికైనెన్ అను వారు 2000లో దానిని సంస్కరించి, చెదరుదల స్వల్పముగానున్న చోట హద్దును దిగువకు జార్చి, ఖాళీతావును తెల్లగా నుంచిరి. నేటికిని ప్రచారముననున్న పనిముట్లలో పెక్కింటికి ఈ సూత్రమే ఆధారము. 2009లో బార్సిలోనాలో జరిగిన పత్రవిశ్లేషణ సదస్సున ఈ పద్ధతులకు పోటీ పరీక్షలు మొదలై, పిమ్మట పలుమార్లు జరిగినవి. అన్ని పుటలకును తగిన ఒక్క పద్ధతి యేర్పడకపోవుట వాటి ఫలితములనుండి తేలిన విశేషము.

ఈ మాటలు పుస్తకజ్ఞానముగా మిగిలిపోకుండుటకు ఒక స్వానుభవమును మనవి చేయుదును. మా మాతామహుల పెట్టెలో దొరికిన, టీకాతాత్పర్యములతో గూడిన ఒక పాత ప్రబంధ ప్రతిని, ముట్టుకొన్నచో అప్పడమువలె పెళుసుగా విరుగుచున్నదానిని, అంగవస్త్రమున చుట్టి మస్కట్టునందలి రూవీ పేటలోని మా గదికి తెచ్చుకొంటిని. పగటియెండ కిటికీలోనుండి పడిన తీరున ఒక పుట వెలిగి, రెండవ పుట మసకబారుచుండుటచే, తెరలు దించి, రెండు దీపములను రెండు ప్రక్కల ఏటవాలుగా నిలిపి, పుటపై గాజుపలకను మోపి చిత్రించితిని. ఓట్సు పద్ధతిలో నడిమడత ప్రక్కన పద్యపాదముల తుది యక్షరములన్నియు నల్లని పట్టీలో కలిసిపోయినవి. సౌవోలా పద్ధతిని చిన్న పరిసరముతో నడిపినప్పుడు చిన్న యక్షరములు చక్కగా తేలినవి గాని, ముఖపత్రముననున్న పెద్ద యక్షరములు లోపల డొల్లబడి, అంచులు మాత్రమే నిలిచిన బొంగులవలె తయారైనవి. పరిసరమంతయు నలుపే యైనప్పుడు సగటుకూడ నలుపేయై, నలుపు తెలుపని తీర్పు వచ్చుట దానికి కారణము. పరిసరమును పెద్దదిచేసి, తెల్లకాగితపు భాగహారమును ముందుగా జరిపిన పిదపనే రెండును కుదిరినవి. ఈ ప్రయాసలో ఒక సాయంకాలము గడచినది. దిగిన పుటలు నాలుగు.

అచ్చట నేర్చిన మరియొక సంగతి చిన్నదైనను విలువైనది. బూడిదరంగు చిత్రమున అక్షరపు అంచు ఒక్కసారిగా నలుపునుండి తెలుపునకు దుమకదు. నడుమ రెండుమూడు బూడిద మెట్లుండును. ఆ మెట్లయందు అంచు పిక్సెలులో ఏ పాలున నున్నదో తెలియజేయు సమాచారము దాగియున్నది. కావున విభజనకు పూర్వమే చిత్రమును రెండింతలు పెద్దదిచేసి, పిదప హద్దు గీచినచో అంచులు నునుపుగా వచ్చును; విభజించిన తరువాత పెద్దదిచేసినచో మెట్లమెట్లుగా మిగులును. స్కాన్‌టైలర్ మొదలైన పనిముట్లు ఈ క్రమమునే పాటించును. చుక్కల రక్షణకును ఇదియే ఆయువుపట్టు. ‘ఠ’ కడుపులోని చుక్క మిల్లీమీటరులో మూడవవంతు ఉన్నదనుకొందము. అంగుళమునకు 600 పిక్సెళ్ల చొప్పున అది ఎనిమిది పిక్సెళ్ల వెడల్పుతో దాదాపు ఏబది పిక్సెళ్ల రాశియగును. 300 చొప్పున పండ్రెండు పదమూడు పిక్సెళ్లు. 200 చొప్పున ఐదారు పిక్సెళ్లు. పది పిక్సెళ్లకు తక్కువైన నలుసులను తుడిచివేయుమని యంత్రమున కాజ్ఞ నిచ్చినవాడు, 600 వద్ద ధూళిని తుడుచుచున్నాడు; 200 వద్ద ‘కంఠము’ను ‘కంరము’గా తిద్దుచున్నాడు.

విభజన ముగిసిన పుటను కుదించు రూపములకు తంతి ప్రతులనాటి చరిత్ర కలదు. ఫాక్సు యంత్రములకై అంతర్జాతీయ తంతి, టెలిఫోను సంఘము 1980లో మూడవ వర్గమును, 1984లో నాలుగవ వర్గమును ప్రమాణములుగా నేర్పరచినది. నాలుగవ వర్గము ప్రతి వరుసను దాని పై వరుసతో పోల్చి, మారిన చోట్లను మాత్రమే వ్రాయును. అందొక్క పిక్సెలైనను మారదు. టిఫ్ ఫైలులో ఇమిడి నేటికిని గ్రంథాలయములలో మన్నన పొందుచున్నది ఈ రూపమే. 1998లో ఏటీ అండ్ టీ ప్రయోగశాలలనుండి యాన్ లెకూన్, లియోన్ బొటూ, పాట్రిక్ హాఫ్నర్ ప్రభృతులు వెలువరించిన డేజావూ రూపము వేరొక యుక్తిని పన్నినది: పుటను పొరలుగా విడదీసి, అక్షరముల పొరను అంగుళమునకు 300 పిక్సెళ్ల పదునుతోను, కాగితపు రంగును 100 పిక్సెళ్ల మొరటుతనముతోను వేర్వేరుగా కుదించుటచే రంగుపుట సైతము పదులకొలది కిలోబైట్లలోనే ఇమిడినది. ఇంటర్నెట్ ఆర్కైవు 2016లో కొత్తగా డేజావూ ఫైళ్లు చేయుట మానినను, పాత పుస్తకముల ప్రియులు దానిని విడువలేదు. 2000లో ప్రమాణమైన జేబిగ్ రెండు అను రూపము, అటుపిమ్మట పీడీఎఫ్‌లోనికి ప్రవేశించి, నాలుగవ వర్గముకంటె చిన్న ఫైళ్ల నిచ్చుచు విస్తారముగా వ్యాపించినది.

కాని జేబిగ్ రెండులో ఒక కత్తి దాగియున్నది. పుటలో ఒకే యక్షరము నూరుమారులు వచ్చినచో, దాని రూపమును ఒక్కమారు వ్రాసి, మిగిలిన తొంబదితొమ్మిది చోట్లకు అదియే యని చూపుట దాని యుపాయము. పోలిక కచ్చితముగా నున్నంతవరకు హాని లేదు; పోలికను సడలించినచో రెండు వేర్వేరు గుర్తులు ఒక్కటిగా లెక్కకు వచ్చును. 2013 ఆగస్టులో డేవిడ్ క్రీసెల్ అను జర్మను శాస్త్రజ్ఞుడు, ఒక భవనపు నక్షాను జిరాక్స్ యంత్రమున నకలు తీయగా గదుల వైశాల్యపు అంకెలు మారిపోయినట్లు, వేరొక పత్రమున ఆరులు ఎనిమిదులైనట్లు లోకమునకు చూపెను. అక్షరము చెరిగినచో చదువరికి అనుమానము కలుగును. స్పష్టముగా, పదునుగా తప్పక్షరము నిలిచినచో అనుమానమునకు తావేది? జర్మనీ సమాచార భద్రతా సంస్థ 2015లో అధికారపత్రముల నకళ్లకు ఈ రూపమును వర్జించినది. తెలుగునకు ఈ ముప్పు మరింత దగ్గర. ‘బ’కు ‘భ’కు, ‘ద’కు ‘ధ’కు గల భేదము అక్షరరాశిలో స్వల్పాంశమే యగుటచే, సడలిన పోలికకు ‘భారము’ ‘బారము’గా కనబడుట వింత కాదు. కావున జేబిగ్ రెండును వాడువారు నష్టరహిత పద్ధతిలోనే వాడవలెను. లేనిచో నాలుగవ వర్గమునకే తృప్తిపడవలెను.

ఈ చర్చ పండితుల గ్రంథములకే పరిమితము కాదని ఒక చిన్న సంఘటన నాకు బోధపరచినది. నిజామాబాదు ప్రాంతపు యువకుడొకడు, రూవీలో మా వీధిననే నివసించువాడు, తనకు రావలసిన సొమ్మునకు యజమాని చేతివ్రాతతో అరబీలో నిచ్చిన చీటీని ఫోనుతో తీసి, నలుపుతెలుపుగా మార్చి, ఫైలు చిన్నది కావలెననిన ఒక కార్యాలయమునకు పంపుకొనెను. సాయంకాలమున నా యొద్దకు వచ్చి ఫోను చూపుచు, “అన్నా, గీ కాయితంల నూటయాబై ఉండె, ఇప్పుడు పదిహేనే అంటున్నరు, సున్న ఎటు వోయింది?” అని యడిగెను. ఒమాను వంటి అరబీ దేశములలో వ్రాయు అంకెలలో సున్న యనగా వృత్తము కాదు, ఒక చుక్క. వృత్తము వలె నుండునది ఐదు. నలుసులను తుడుచు యంత్రము ఆ చివరి చుక్కను ధూళియని తుడిచివేయగా నూటయేబది రియాళ్లు పదిహేను రియాళ్లైనవి. చీటీపై నీలిసిరాతో వేసిన ముద్రయు అందుతోడనే తెల్లబోయి, ఆనవాలు మాత్రమే మిగిలినది.

ఇక సంస్థల యనుభవమును చూతము. బ్రిటిష్ గ్రంథాలయము ఖతార్ ఫౌండేషనుతో కలిసి 2014లో తెరచిన ఖతార్ డిజిటల్ లైబ్రరీలో, మస్కట్టునందలి ఆంగ్ల రాజకీయ ప్రతినిధి కార్యాలయపు పత్రములు సైతము కలవు. వానిని నలుపుతెలుపునకు దింపక రంగులలోనే యుంచుటచే, పెన్సిలు గుర్తులు, ముద్రలు, ఎర్రసిరా యాజ్ఞలు, కాగితపు మడతలు అన్నియు చదువరికి దక్కినవి. ధనమును, స్థలమును సమృద్ధిగా గలవారు ఎన్నుకొను మార్గమది. మన తెలుగుదేశపు కథ వేరు. చిత్తూరు జిల్లా కాటూరున పుట్టి, కంప్యూటరు శాస్త్రమున 1994లో ట్యూరింగ్ పురస్కారము నందుకొనిన రాజ్ రెడ్డిగారి సంకల్పముతో, 2000 తరువాతి తొలి సంవత్సరములలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయము, బెంగుళూరు, హైదరాబాదు విద్యాసంస్థలు కలిసి నడిపిన పదిలక్షల పుస్తకముల యోజనలో వేలకొలది తెలుగు గ్రంథములు చిత్రింపబడినవి. అందెక్కువభాగము అంగుళమునకు 600 పిక్సెళ్ల నలుపుతెలుపు టిఫ్ రూపమున, నాలుగవ వర్గపు కుదింపుతో నిలిచినవి. ఆనాటి నిల్వసామగ్రి ఖరీదును తలచినచో ఆ నిర్ణయమును నిందింపజాలము; అది లేనిచో నేడు మస్కట్టులో కూర్చుండి నేను చదువుచున్న పెక్కు గ్రంథములు నాకు చేరియే యుండెడివి కావు. ఆ యోజనకు చెందిన భారతదేశపు సైటు మూతపడిన పిదపను ఇంటర్నెట్ ఆర్కైవునందు ఆ పుస్తకములు దొరకుటకు వాని ఫైళ్లు చిన్నవగుటయు సహాయపడినది.

కాని మూల్యము చెల్లింపక తప్పలేదు. మొదటినుండియే రెండు రంగులకు కుదించిన పుటలో, మరకలో మునిగిన పాదమును తిరిగి తేల్చుటకు దారి లేదు. బూడిద మెట్లు ఆనాడే పోయినవి. అందు చిత్రపటములు, హాఫ్‌టోను బొమ్మలు నల్లని ముద్దలైనవి. ఆ ప్రతులను చదివినవారందరు ఎరిగినదే యిది. ఇట్లే తాటియాకుల సంగతి. గంటముతో గీసి మసి పూసిన యక్షరమునకు, ఆకు నారలకు నడుమ వన్నెలో భేదము స్వల్పము. అట్టి ప్రతిని నలుపుతెలుపున విభజించినచో నారలును అక్షరములై, అక్షరములును నారలై తారుమారగును. తంజావూరు సరస్వతీమహలులోను, మదరాసు ప్రాచ్యలిఖిత భాండాగారములోను గల తెలుగు తాళపత్రముల వంటివానికి ఈ మార్పిడి ఎన్నడును ఏకైక ప్రతిగా తగదు.

అక్షరములను గుర్తించి పాఠముగా మార్చు యంత్రములకు నలుపుతెలుపు ప్రతియే కావలెనను పాతవాదము కలదు. హ్యూలెట్ పాకార్డ్ సంస్థలో పుట్టి, 2005లో బహిరంగమై, పిమ్మట గూగుల్ పోషణ పొందిన టెస్సెరాక్టు తనంతట తానే ఓట్సు పద్ధతిలో పుటను విభజించుకొనును. కాని నేటి నూతన గుర్తింపు పద్ధతులు బూడిదరంగు పుటను నేరుగా చదువగలవు. కావున యంత్రము కొరకై మూలమును నరికివేయవలెనను వాదమునకు బలము తగ్గినది. నలుపుతెలుపు ప్రతికి నేడు మిగిలిన ప్రయోజనము మనుష్యుని కొరకే: నెమ్మదిగల ఫోనులో త్వరగా తెరచుకొనుట, అచ్చు తీసినప్పుడు నల్లగా, స్పష్టముగా పడుట, వాట్సాప్‌లో దేశాంతరమున నున్న అక్కకో, తమ్మునికో పంపుకొనుట. ఈ ప్రయోజనము చిన్నది కాదు. మూడువందల పుటల పుస్తకము, జంటపుటలుగా నూటయేబది రా ఫైళ్లలో ఆరు గిగాబైట్లను మించును; నలుపుతెలుపున పదిహేను, ఇరువది మెగాబైట్లలో ఇమిడి, సలాలాలోనున్న స్నేహితునికి నిమిషములో చేరును.

విచారించి చూడగా ఈ ప్రశ్నకు తీర్పు దుర్లభము కాదు. నలుపుతెలుపు ప్రతి పంచిపెట్టుటకు పుట్టినది, దాచుటకు కాదు. రా ఫైలును గాని, నష్టరహితమైన రంగుచిత్రమును గాని మూలముగా దాచి, నలుపుతెలుపు ప్రతిని దానినుండి ఎన్నిమారులైనను పుట్టింపవచ్చును; విలోమముగా పుట్టింపరాదు. విభజనకు ముందు తెల్లకాగితపు భాగహారము, సిరా వన్నెకు తగిన రంగుపాలు, రెండింతల పెంపు, ఆపై పరిసరము ననుసరించు హద్దు. కుదింపునకు నాలుగవ వర్గము గాని, నష్టరహితమైన జేబిగ్ రెండు గాని. ఎర్రసిరా, ముద్రలు గలచోట డేజావూ వంటి పొరల రూపము. నలుసులు తుడుచు ఆజ్ఞ అంగుళమునకు 600 పిక్సెళ్ల వద్ద మాత్రమే, అదియు పరిమితముగా. జీతపు చీటీ, ఒప్పందపత్రము, విద్యాపట్టము వంటి అంకెలు, ముద్రలు గల కాగితములను నలుపుతెలుపునకు దింపనేవలదు; బూడిదరంగున గాని, రంగులలో గాని పంపవలెను.

గల్ఫు దేశములలోని తెలుగువారికి నా మనవి యొక్కటి. మీ యింటి పాత పుస్తకమును చిత్రించి, నలుపుతెలుపు ప్రతి చేసి, మూలపు ఫైళ్లను చెరపబోవు ముందు, ‘కంఠము’, ‘రథము’, ‘ధార’ వంటి మాటలున్న ఒక పుటను, అరసున్నలున్న ఒక పుటను తెరచి, ఒక్కొక్క చుక్కను అసలు పుస్తకముతో సరిచూచుకొనుడు. చుక్క యొక్కటి తగ్గినను ఆ ఫైళ్లను చెరపకుడు. ఆ నిజామాబాదు యువకుడు ఫోనులోని రంగుచిత్రమును చెరపక యుంచుటచే దానినే మరల పంపితిమి. అందు చుక్క తన స్థానమున నున్నది, అతనికి నూటయేబది రియాళ్లును ముట్టినవి.